మొగులమ్మ స్టీలు గిన్నె

మా ఐసీయూలో చేతులు సరిగ్గా కడుక్కునే మనిషి ఎవరని అడిగితే నేను ఏ డాక్టరు పేరూ చెప్పను. ఆయా మొగులమ్మ పేరు చెబుతాను. ఆసుపత్రిలో ఒకరి జబ్బు ఇంకొకరికి అంటకుండా చూసే నర్సును నేను. ఉంగరాలు తీయని డాక్టర్లతో, వేళ్ల కొసలు తడిపి చాలనుకునే నర్సులతో రోజూ గొడవపడటమే నా ఉద్యోగం. నా నోటికి భయపడి, నేను కనబడగానే సబ్బు దగ్గరికి పరిగెత్తేవాళ్లు చాలామందే ఉన్నారు. మొగులమ్మ మాత్రం నేనున్నా లేకున్నా ఒకేలా, వేళ్ల సందులు, బొటనవేలి చుట్టూ, గోళ్ల కింద నింపాదిగా రుద్దుకునేది. పోయినేడు ఆమెకు పట్టుబట్టి సర్టిఫికెట్ కూడా ఇప్పించాను.

ఆమెది మా పక్కనే ఉన్న కర్దనూరు. పెళ్లయిన కొత్తలో నాట్లకూ కోతలకూ వెళ్లింది. పొలాలు ప్లాట్లయ్యాక పాశమైలారంలో ఓ మందుల కంపెనీలో సీసాలు కడిగింది. భర్త పోయిన ఏడాదే పటాన్‌చెరులో మా ఆసుపత్రికి వచ్చి చేరింది. చేరిన నాటి నుంచీ ఎవరూ చెప్పని పని ఒకటి నెత్తిన వేసుకుంది. పొద్దున పదకొండు గంటలకు రోగుల ఇంటివాళ్లను లోపలికి వదులుతాం. దానికి అరగంట ముందు ఒక స్టీలు గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పట్టుకుని, మెత్తటి పాత చీర ముక్కతో ఆరు మంచాల మీదివాళ్ల మొహాలూ తుడిచేది. కంటి పుసులు, ట్యూబు పక్కన ఎండిన చొంగ, ప్లాస్టరు జిగురు, ఏదీ వదిలేది కాదు.

ఎందుకని ఒకసారి అడిగాను.

"మా ఆయన పట్నంల దవఖానల పడ్డప్పుడు మూడు దినాలు నన్ను లోపలికి రానియ్యలే బిడ్డా. నాలుగో దినం పోయి సూస్తె మూతి పక్కన సొల్లు ఎండి అట్ట గట్టింది. గదే కడసారి సూపు. ఇప్పటికీ కండ్ల ముంగట గా మొఖమే మెదులుతది. ఇంకెవ్వలకు గట్ల కావొద్దని" అంది.

ఆ మాట విన్నాక నేనెలా వద్దంటాను? పైగా ముచ్చటపడ్డాను. ఆమె తుడుస్తుండగా ఫోటో తీసి, కింద హాల్లో బోర్డు మీద పెట్టించింది నేనే.

ఈ వానాకాలంలో మా ఐసీయూలో ఒకే క్రిమి నెలన్నరలో ముగ్గురికి సోకింది. ముగ్గురూ వేరే వేరే జబ్బులతో వచ్చినవాళ్లు. ఇది మాత్రం మా దగ్గరే అంటుకుంది. దాని పేరు క్లెబ్సియెల్లా. ల్యాబ్ రిపోర్టులో పద్దెనిమిది యాంటీబయాటిక్స్ పేర్లుంటే, పదిహేడింటికి అది లొంగదని వచ్చింది. మిగిలిన ఒక్క మందూ కిడ్నీలను దెబ్బతీసే రకం. లొంగని ఆ పదిహేడింట్లో రెండు మూడింటి సీసాలు మొగులమ్మ ఒకప్పుడు తన చేత్తో కడిగినవే.

మొదట సోకింది సూర్యారావు గారికి. గోదావరి జిల్లా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి, రిటైరై పటాన్‌చెరు పక్కన రామచంద్రాపురంలోనే ఉండిపోయిన మనిషి. పక్షవాతంతో చేరి, కాస్త కోలుకుంటుండగా ఊపిరితిత్తులకు ఈ క్రిమి పట్టుకుంది. పన్నెండు రోజులకు పోయారు. ఆయన భార్య కమలాకుమారి గారు రోజూ పదకొండింటికి వచ్చి, ఆయన మొహం చూసి, "ఇవాళ కాస్త కళగా ఉన్నారు కదమ్మా" అని డాక్టర్లను కాదు, మొగులమ్మను అడిగేవారు.

మిగతా ఇద్దరికీ ఆ ఒక్క మందే ఎక్కిస్తున్నాం. ఇంతలో ఐదో మంచం మీదికి కడుపు ఆపరేషనైన దుర్గాదేవి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల. ఆమెకింకా అంటలేదు. క్రిమి ఎక్కడ దాక్కుందో కనిపెట్టకపోతే ఆమెకూ అంటుతుంది. నాకు తిండి సయించలేదు. కుళాయిలు, మంచాల కమ్మీలు, వెంటిలేటరు గొట్టాలు, స్టెతస్కోపులు, అందరి చేతులు, మొత్తం ముప్పై రెండు చోట్ల దూది పుల్ల రాసి ల్యాబుకు పంపాను. ఎక్కడా దొరకలేదు. మొగులమ్మ రెండు చేతులూ చాపి "మంచిగ సూడు బిడ్డా" అని నవ్వింది. ఆమె చేతులు అందరికన్నా శుభ్రంగా ఉన్నాయి. నా కోపమంతా ఇద్దరు కుర్ర డాక్టర్ల మీద చూపించాను. పాపం, వాళ్ల తప్పేమీ లేదు.

"గా పురుగు ఎట్లుంటదో నాకొకపారి సూపియ్యరాదు?" అంది మొగులమ్మ ఆ సాయంత్రం.

ల్యాబుకు తీసుకెళ్లాను. అక్కడ పనిచేసే అంజుమ్ మూత ఉన్న చిన్న పళ్లెం తెరిచి, క్రిమి పెరిగిన చోట సన్నని తీగ ఆనించి పైకెత్తింది. బంక సాగినట్టు జిగట వేలెడు పొడుగు సాగింది.

"దేఖో అమ్మా, గీ బంకలనే దాక్కుంటది. ఏడ పట్టుకుంటే ఆడ జల్దీ వదలదు" అంది అంజుమ్.

మొగులమ్మ వంగి దగ్గరగా చూసింది. విసుక్కుంటూ వచ్చేసిన నేను ఆమె మొహం చూడలేదు.

మర్నాడు పదిన్నరకు ఆమె మంచాల దగ్గరికి పోలేదు. నా బల్ల దగ్గరికి వచ్చి గిన్నె, అందులో తడిగుడ్డ పెట్టింది.

"అంచు మడత కింద సూడు బిడ్డా. చెయ్యి పెట్టకు, ఊకెనే సూడు. నిన్న అంజుమ్ సూపిచ్చిన జిగటే. ఎంత తోమినా మల్ల వస్తది. పాచేమో అనుకున్న. నీ ముప్పై రెండిట్ల గిది లేదు గద?"

లేదు. నాకు తల కొట్టేసినట్టయింది. నాలుగేళ్లుగా రోజూ చూస్తున్న గిన్నె. ఫోటో కూడా తీసిన గిన్నె. ఆయా చేతిలోది కాబట్టి అది నా కంటికి ఆసుపత్రి వస్తువులా ఆనలేదు. మొహానికీ మొహానికీ మధ్య ఆమె చేతులు కడుక్కునేది. నీళ్లు అవే, గుడ్డ అదే. పని అయ్యాక ఆ గుడ్డను పిండి సింకు వెనక గొట్టం మీద వేసేది. అక్కడ అది ఎప్పుడూ పూర్తిగా ఆరదు. చేతుల గురించి గంటలు గంటలు పాఠాలు చెప్పిన నేను గుడ్డ గురించి ఒక్క మాట చెప్పలేదు.

రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. గిన్నె అంచులో, గుడ్డలో అదే క్రిమి. లొంగని మందులు అవే పదిహేడు.

"రమ్యశ్రీ గారూ, ఆమెను రేపటి నుంచి రావద్దనండి" అన్నారు మేనేజర్ మురళీమోహన్ గారు.

"బోర్డు మీద ఫోటో పెట్టిన నన్ను కూడా రావద్దనండి సార్. ఆమె తేకపోతే మీకీ గిన్నె ఎవరు తెచ్చేవారు?" అన్నాను. గొణుక్కున్నారు గానీ, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

దుర్గాదేవి ఏమీ అంటకుండానే మామూలు వార్డుకు మారింది. మిగతా ఇద్దరిలో ఒకాయన ఇంటికెళ్లాడు. ఇంకొకాయనకు ఇప్పటికీ డయాలసిస్ చేస్తున్నారు.

మొగులమ్మ నన్ను ఒకటే అడిగింది. "సూర్యారావు సారుకు నేనే అంటిచ్చిన్నా?"

"ఆయన నుంచి గిన్నెలోకి వచ్చిందో, గిన్నెలోంచి ఆయనకు పోయిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు మొగులమ్మా" అన్నాను. అది నిజమే. ఆ నిజంతో ఆమెకు ఊరట మాత్రం కలగలేదు. మొహాలు తుడవటం మానేసింది. పదకొండయ్యేసరికి ఇంటివాళ్లకు ఎదురుపడకుండా వెనక మెట్ల మీదికి వెళ్లిపోయేది.

నెల తరవాత కమలాకుమారి గారు ఏవో కాగితాల కోసం వచ్చారు. వరండాలో మొగులమ్మ కనబడగానే రెండు చేతులూ పట్టుకున్నారు. "మా ఆయన మొహం చివరి రోజు దాకా ఎంత శుభ్రంగా ఉంచావమ్మా. నీ రుణం తీర్చుకోలేను."

చెప్పొద్దని నేను కళ్లతోనే సైగ చేశాను. మొగులమ్మ చేతులు వెనక్కి లాక్కుంది.

"నా చేతులు పట్టకమ్మా. నేను మొఖాలు తుడిసే గిన్నెలనే గా పురుగు దొరికింది. సారుకు గా గిన్నెలకెల్లే సోకిందో ఏమో. తెల్వక చేసిన."

కమలాకుమారి గారు ఆమె మొహంలోకి చూశారు. ఫైలు చంకలో పెట్టుకుని గేటు వైపు నడిచిపోయారు.

"నిన్నెవరు చెప్పమన్నారు?" అని అరిచాను. ఒళ్లు మండింది నాకు.

"దినాం నన్నే అడుగుతుండె గద బిడ్డా, సారు ఎట్లున్నడని. గిదొక్కటి ఎట్ల దాయాలె?" అంది.

పది రోజులకు సెక్యూరిటీ అతను, మొగులమ్మకు ఇమ్మన్నారంటూ ఒక గుడ్డ సంచి తెచ్చి ఇచ్చాడు. ఉత్తరం లేదు. లోపల జేబురుమాలంత నూలు ముక్కలు, నాలుగంచులూ మిషను మీద కుట్టినవి, నూటికి పైనే ఉంటాయి. సగం తెల్ల పంచెవి, సగం నీలిగళ్ల లుంగీవి. మొగులమ్మ ఒక నీలి ముక్క తీసి చేతిలో పరుచుకుంది.

"సారును తోలుకొచ్చిన దినం గీ లుంగే ఒంటి మీద ఉండె" అంది. అక్కడే కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు?

ముక్కలన్నిటినీ క్రిములు చంపే ఆవిరి యంత్రంలో పెట్టించాను. ఒక మొహానికి ఒక ముక్క, ఒక కాగితం కప్పులో నీళ్లు, తుడిచాక రెండూ చెత్తబుట్టలోకే, ఎంత మంచి గుడ్డయినా దాచేది లేదని చెప్పాను. తలూపింది.

మర్నాడు పదిన్నరకు ఆరు కప్పులు, ఆరు ముక్కలు సర్దుకుని మొదటి మంచం దగ్గరికి వెళ్లింది. నీలిగళ్ల ముక్క ఒకటి తడిపి, కళ్లు, ముక్కు, మూతి పక్కన, మునుపటిలాగే నెమ్మదిగా తుడిచింది. తుడిచాక ఆ నీలిగళ్ల ముక్కను పట్టుకుని చెత్తబుట్ట ముందు కాసేపు నిలబడింది. నేను చూస్తున్నానని ఆమెకు తెలుసు. బుట్టలో వేసి, చేతులు కడుక్కుని, రెండో మంచం దగ్గరికి వెళ్లింది.