గొర్రె పాలు తాగి పెరిగిన కుక్క

మా చిన్నప్పుడు... మా దొడ్లె కుక్కపిల్లకు పాలిచ్చి పెంచింది కుక్క కాదు, గొర్రె.

బాపు ఆ గొర్రె మెడ పట్టుకొని కదలకుండ నిలవెట్టేటోడు. బాపు వాళ్లమ్మ, మా అవ్వ, అప్పుడప్పుడే కండ్లు తెరిచిన కుక్కపిల్లను తెచ్చి పొదుగు కింద పెట్టేది. మొదట్ల గొర్రె తన్నేది. పిల్ల సచ్చిపోయి పొదుగు నిండ పాలున్న గొర్రె అది... రాను రాను తనంతట తనే వచ్చి నిలవడి, కుక్కపిల్ల వీపు నాకుడు మొదలువెట్టింది.

మేము కురుమోళ్లం. గార్ల దగ్గర చిన్న ఊరు మాది. మాకు నల్లగొర్ల మంద ఉండేది. ఆ మందను కాసే కుక్కల జాతే వేరు. పెద్ద తల, మెడ నిండ దట్టమైన బొచ్చు, నిలవడితే బర్రె దుడ్డె అంత ఉండేది. మందకుక్క అనేటోళ్లం. పుస్తకాలల్ల దాని పేరేముందో నాకు తెల్వదు. అప్పటికే మా చుట్టాలల్ల ఒకళ్లిద్దరి దగ్గర తప్ప ఎక్కడ లేకుండె.

చిన్నపిల్లను కదా... దాన్ని ఎత్తుకోవాలని పానం కొట్టుకునేది. అవ్వ కట్టె పట్టుకొని కావలి కూసునేది.

"ముట్టుకున్నవంటే చేతులిరగ్గొడ్త. మనుషులను మరిగితే ఇంటి చుట్టే తిరుగుతది. గొర్లను ఎవడు జూస్తడే, నీ మొగడా?"

పెండ్లంటే ఏందో తెల్వని వయసు నాది. అయినా సిగ్గుతోని ఇంట్లకు ఉరికేదాన్ని.

దానికి పేరు కూడ పెట్టనియ్యలే. పేరు పెడితే పిలుస్తం, పిలిస్తే మందను ఇడిచిపెట్టి వస్తది... అందుకని. జొన్న గట్కల సల్ల పోసి గొర్ల నడుమనే పెట్టేటోళ్లు. మా గడప దగ్గర అది ఒక్క బుక్క తినలే.

పెద్దగైనంక చూడాలె దాన్ని... గొర్రెపిల్లలు మీదికెక్కి తొక్కినా కండ్లు మూసుకొని పండుకునేది. ఒకసారి పొద్దుగూకే యాళ్లకు తోడేళ్లు మంద మీదికొచ్చినయి. బాపు ఉరికొచ్చేలోపే ఇది గొర్లకు అడ్డం నిలవడ్డది. చెవు చినిగి రక్తం కారుతున్నా, గొర్లన్ని దొడ్లెకు పోయినంకనే కూసున్నది.

అసొంటి మందను అమ్మాల్సి వచ్చింది. బీళ్లన్ని పత్తి చేన్లయినయి. ఒక్క గొర్రె చేన్ల కాలు పెట్టినా లొల్లే. బాపుకు మోకాళ్ల నొప్పులు... చిట్యాల దిక్కు ఉండే మా మేనమామనే వచ్చి మందను కొనుక్కున్నడు.

లారీల గొర్లను ఎక్కిస్తుంటే కుక్క పక్కనే నిలవడి ఒక్కొక్క దాన్ని వాసన చూస్తుండె.

"బావా, దీన్ని గూడ ఎక్కియ్యి," అన్నడు మామ.

"గొర్లనంటే అమ్ముకున్న. దీన్నెట్ల ఇస్తరా? ఇది మా ఇంట్ల మనిషి."

"మంద ఎటు పోతే కుక్క అటు పోవుడు మన కురుమోళ్లల్ల ఎప్పటి నుంచో ఉన్నదే కదనే. గొర్లు లేకుంటే అదేం జేస్తది... నీ పక్కన కూసొని టీవీ చూస్తదా?"

అందరు నవ్విండ్రు. బాపు నవ్వలే. కుక్కకు తాడేసి గుంజకు కట్టేసిండు. లారీ పోయింది.

అవ్వ బాపును ఒక్క మాటే అన్నది. "ఇంటి మనిషిని చేసుకోవాలంటే పిల్లప్పుడే చేసుకోవాలె బిడ్డా. మనమే వద్దంటిమి."

ఆ రోజు దాని తల మీద నేను మొదటిసారి చెయ్యి పెట్టిన. చిన్నప్పటి సంది నాకు అదే ఆశ. అది తోక ఊపలే, కోపం చేయలే... తెల్వనోళ్లను చూసినట్టు చూసి, మొఖం తొవ్వ దిక్కు తిప్పుకున్నది. బాపు అన్నంల కోడికూర కలిపి పెట్టినా మూతి పెట్టలే.

తాడు కొరికి పోయి వట్టి దొడ్లె పండుకున్నది. ఒకరోజు పొద్దుగాల అక్కడ కూడ లేదు. ఎతుకుదామని పోయినం గానీ, ఏమని పిలుస్తం? పేరే లేకపాయె. ఆఖరికి బాపు గొర్లను అదిలించే కూత పెట్టిండు. ఎక్కడుందో ఏమో, పత్తి చేన్ల నడుమ నుంచి ఉరికొచ్చింది. వచ్చి బాపు ఎనుక దిక్కు చూసింది... అటు ఇటు చూసింది. గొర్లు లేవు.

బాపు గెట్టు మీద కూలవడ్డడు. అక్కడి నుంచే మామకు ఫోన్ చేసిండు. "నాదే తప్పురా. రేపు తీసుకొస్త," అన్నడు. మళ్ల కట్టేయబుద్ధి కాక వట్టిగనే ఇడిచిండు. తెల్లారి ఆటో వచ్చేసరికి అది లేదు. బాపు గొంతు పోయేదాక కూత పెట్టిండు. ఈసారి రాలే.

చిట్యాల దాక తొవ్వల కనవడ్డ ప్రతి మందోన్ని అడిగిండు. ఎవ్వరు చూడలే. మాది ఆడకుక్క, మామ దగ్గర అదే జాతి పోతుకుక్క ఉండె. రెండు ఒక్క కాడుంటే పిల్లలయితుండె... ఆ పోతుకుక్క కూడ ముసలిదై సచ్చిపోయింది. మా చుట్టాలల్ల ఆ జాతి అంతటితోనే అయిపోయింది.

ఇప్పుడు నేను జనగామల అత్తగారింట్ల ఉంటున్న. రోడ్డు మీద మంద పోతున్న సప్పుడైతే చేతుల పని ఇడిచి గేటు కాడికి ఉరుకుత. "గొర్లను ఎన్నడు చూడలేదా ఏంది?" అని మా ఆయన ఎక్కిరిస్తడు. నేను చూసేది గొర్లను కాదని ఆయనకు చెప్పలేదు. మంద ఎనుక మోటరు సైకిల్ ఉంటది, ఒక్కోసారి బక్క కుక్క ఉంటది... అంతే.

మొన్న ఫోన్ల బాపు అడిగిండు, "బిడ్డా, మీ దిక్కు అసొంటిది ఏమన్న కనవడ్డదా?" అని. లేదనబుద్ధి కాలే. "చూస్తున్న బాపు," అన్న.

ఇసొంటియి రాసుడు నాకు అలవాటు లేదు. మీ ఊర్లల్ల, మీ చుట్టాల మందలల్ల అసొంటి కుక్క ఇంకా ఉంటే జర ఒక ఫోటో పెట్టండ్రి, బాపుకు చూపెడ్త. కొననీకి కాదు, అడుగనీకి కాదు... గొర్ల నడుమ పండుకున్న ఫోటోనే పెట్టండ్రి.