నీలం కుర్చీ మీద పొట్టు

టాటానగర్‌లో దిగేసరికి ఉదయం ఐదున్నర. మే నెల. ఆరున్నరకల్లా మా సైనిక వైద్య బృందం గోల్‌మురిలో ఒక బడికి చేరింది. డాక్టర్ కెప్టెన్ మేడమ్, వైర్‌లెస్ ఆపరేటర్, నర్సింగ్ అసిస్టెంటుని నేను. రెండు ఐస్ పెట్టెలు, ముప్పై నీలం కుర్చీలు. కరోనా టీకా వెయ్యాలి, అరగంట కూర్చోబెట్టి చూడాలి, పంపాలి. వేపపూలు రాలుతుండేవి. ఎండకి వరండా అంతా నీళ్ళలో ఉన్నట్టు కదిలేది.

ఫౌజులో సూదికి ముందు చొక్కా విప్పించి ఒళ్ళు చూస్తాం. మగవాళ్ళ వరసలో ఇక్కడా అదే చెయ్యమన్నారు మేడమ్.

నాలుగో రోజు అప్పలస్వామి వచ్చాడు. ఉక్కు కార్ఖానాలో కాంట్రాక్టు కూలీ. అంత ఎండలోనూ మణికట్టు దాకా చొక్కా. నేను సూదులు తెలుగులో లెక్కపెట్టుకుంటుంటే విన్నాడు.

"తెలుగోలా బాబూ! మాది టెక్కలి కాడ."

ఎన్నేళ్ళయిందో ఆ యాస విని! కలలో ఉన్నట్టయింది నాకు.

"చర్మం జబ్బులేటైనా ఉన్నాయా మావా?"

"ఏటీ నేదు."

మావాడే కదా, చొక్కా విప్పమనడానికి మొహమాటపడ్డాను. రెండు గుండీలు తీయించి, భుజం కాస్త బయటికి లాగి పొడిచేశాను.

అరగంటకి లేచి వెళ్ళాడు. కుర్చీ మీద తెల్లటి పొట్టు, ఎండకి మెరుస్తోంది. వేపపూలనుకుని అరచేత్తో తుడిచేశాను.

ఐదు రోజుల తర్వాత, పదీ ఇరవైకి జిల్లా కంట్రోల్ రూము నుంచి వైర్‌లెస్ మోగింది. "మీరు టీకా వేసిన మనిషి ఆసుపత్రిలో ఉన్నాడు. ఒళ్ళంతా ఎర్రబడి చీము పొక్కులు. తెలుగే మాట్లాడుతున్నాడు, ఎవరినైనా పంపండి."

వెళ్ళాను. అప్పలస్వామే. చర్మం పొరలు పొరలుగా ఊడిపోతోంది. పక్క మీదా అదే తెల్లటి పొట్టు. మే నెలలో కంబళి అడుగుతున్నాడు.

"సోరియాసిస్ బాబూ, పదేళ్ళయింది. సెప్తే సూది ఎయ్యరనీ, సూది నేకపోతే గేట్‌పాస్ ఇవ్వరనీ దాసీసినాను. సూదికి పడవని ఎవరో అంటే బిళ్ళలు కూడా మానీసినాను."

"ఈ జబ్బున్నవాళ్ళూ టీకా వేయించుకోవచ్చు. ఇలా తిరగబడడం అరుదు," అన్నారు మేడమ్, తిరిగొచ్చి చొక్కా విప్పించలేదని చెబితే. "బిళ్ళలు సొంతంగా మానకూడదు. మనకి ముందే తెలియాలి, అంతే." నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

పదకొండు రోజుల పాటు, బతుకుతాడో లేదో తెలియలేదు. రోజూ డ్యూటీ దిగి వెళ్ళి అతని పక్కన కూర్చునేవాణ్ణి. మా ఊళ్ళ సంగతులు మాట్లాడుకునేవాళ్ళం. సిగ్గుతో అతని కళ్ళలోకి చూడలేకపోయేవాణ్ణి.

బతికాడు. మా ఆఖరి రోజు బడికొచ్చి, వరసలో అందరి ముందూ చొక్కా విప్పి నిలబడ్డాడు.

"ఇప్పుడు సూడండి బాబూ."

చూశాను, వీపు దాకా.

తర్వాత కొన్నాళ్ళకి పింఛను తీసుకుని ఇంటికొచ్చేశాను. ఇప్పటికీ ఎండ పడిన కుర్చీ కనిపిస్తే ఆగిపోతాను. అదే నీలం కుర్చీ, అదే మెరిసే పొట్టు కళ్ళకి కడతాయి. తుడవడానికి చెయ్యి దానంతటదే లేస్తుంది. దించేసుకుని, వంగి చూస్తాను.