ఉప్పునీటి పిల్లలు

మా కాలేజీ జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఒక గాజు సీసా ఉంది. అందులో ఫార్మలిన్‌లో ముడుచుకుపోయిన ఎనిమోన్ అనే సముద్రజీవి ఒకటి ఉంటుంది. నేను ఉద్యోగంలో చేరేనాటికే అది రంగు పోయి, ఎండిన అంజీరులా తయారైంది. ఇరవై ఏళ్ళకు పైగా దాన్నే పిల్లలకు చూపించి, ఇది సముద్రంలో పువ్వులా విచ్చుకుని ఉంటుందని, రాయికి పాదంతో అంటుకుంటుందని, తినేదీ విసర్జించేదీ ఒకే నోటితోనని చెప్పాను. బతికున్నదాన్ని నేను ఎన్నడూ చూడలేదు. నిజామాబాద్ నుంచి ఎటు పోయినా ఒక రోజంతా ప్రయాణం చేస్తే గాని సముద్రం తగలదు.

నలభై ఆరో ఏట ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనిపించింది. మా అమ్మాయి హాస్టల్‌కు వెళ్ళింది, హాల్లో ఆమె చదువుకునే బల్ల ఖాళీ అయింది, అంతకన్నా పెద్ద కారణం లేదు. మా ఆయన మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం నడుపుతాడు. సంగతి చెప్పినప్పుడు, కరెంటు పోతే ఏం చేస్తావని ఒక్క మాట అడిగాడు. వారం తర్వాత తనే రెండు బ్యాటరీలు తెచ్చి బల్ల కింద పెట్టాడు.

ఉప్పు హైదరాబాద్ నుంచి వచ్చింది. దాన్ని శుద్ధి చేసిన నీళ్ళలో కలిపాక, ఎంత కలిసిందో చూడటానికి ఒక చిన్న గొట్టంలాంటి పరికరం ఉంటుంది. అది చేతిలోకి తీసుకోగానే అలవాటుగా వెలుతురు వైపు తిరిగి కన్ను ఆనించాను. మా బాపు బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేసేవాడు. చెరుకురసం తీపి కొలవడానికి ఇలాంటిదే వాడేవాడు. సెలవుల్లో నన్ను పక్కన నిలబెట్టుకుని, నీలమూ తెలుపూ కలిసే గీత ఏ అంకె మీద ఉందో చెప్పమనేవాడు. నాకు ఆ గీత చదవడం ఎవరూ మళ్ళీ నేర్పనక్కర్లేకపోయింది.

ఇదంతా మా అత్తమ్మ మంచం మీద కూర్చుని చూసేది. ఆమె దాదాపు నలభై ఏళ్ళు బీడీలు చేసింది. దగ్గు ఎక్కువై డాక్టర్ పొగాకు ముట్టొద్దన్నాక బీడీల చాట పక్కన పెట్టింది. చేతులకు మాత్రం ఆ సంగతి తెలియనట్టుండేది. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆమె బొటనవేలూ చూపుడువేలూ చీర అంచును చుడుతూ, మడుస్తూ ఉండేవి. మేమిద్దరం తగవులాడుకున్నది లేదు. ఎక్కువ మాట్లాడుకున్నదీ లేదు. నేను పొద్దున కాలేజీకి పోతే ఆమె బీడీల ముందు కూర్చునేది, సాయంత్రం నేను వచ్చేసరికి ఆమె కట్టలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయేది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళూ అలాగే గడిచాయి.

అక్వేరియం నిలదొక్కుకున్నాక రెండు ఎనిమోన్లు తెచ్చాను. అరచేతిలో పట్టేంత ఉంటాయి. ఆకుపచ్చటి అంచు, మధ్యలో నారింజ రంగు. ఉప్పునీళ్ళల్ల పువ్వు ఎట్ల బతుకుతదని అత్తమ్మ ఒకసారి అడిగింది. పువ్వు కాదు, జంతువని చెప్పాను. ఆమె తల ఊపింది. నమ్మినట్టు కనిపించలేదు.

చలికాలం చివర్లో ఒక ఆదివారం నేను వంటింట్లో ఉండగా ఆమె పిలిచింది. ఆమె నన్ను పనిగట్టుకుని పిలవడం అరుదు కాబట్టి పోయి చూశాను. గాజుకు ముఖం దాదాపు ఆనించి నిలబడి ఉంది.

"బిడ్డా, గా పువ్వు కక్కుతుంది సూడు."

రెండు ఎనిమోన్లలో పెద్దది నోరు తెరిచి ఉంది. లోపలినుంచి గింజల్లాంటివి ఒక్కటొక్కటే బయటికి వస్తున్నాయి. చచ్చిపోతోందనుకున్నాను, ఎనిమోన్లు చచ్చేముందు లోపలిదంతా కక్కేస్తాయని చదివి ఉన్నాను. భూతద్దం తెచ్చి చూశాను. ఒక్కో గింజకూ చుట్టూ సన్నటి చేతులున్నాయి. మినప్పప్పు బద్దంత కూడా లేని పూర్తి ఎనిమోన్లు. కొన్ని జాతులు పిల్లలను కడుపులో పెంచి నోటితో వదులుతాయని పాఠంలో ఒక వాక్యం ఉంటుంది. ఏటా ఆ వాక్యం దగ్గర ఆగకుండా ముందుకు పోయేదాన్ని.

చచ్చిపోవడం లేదు, పిల్లలు పెడుతోందని చెప్పాను.

"నోట్లెకెల్లా?" అని అడిగి, కాసేపు చూసి, "దానికి కష్టమే" అంది.

ఇరవై ఆరు కనబడ్డాయి. నీటి వాలుకు కొట్టుకుపోయి గాజుకూ, రాళ్ళకూ, నీళ్ళు తోసే మోటారు పక్కనా అంటుకున్నాయి. మోటారు దగ్గరున్నవి లోపలికి లాగబడితే ముక్కలవుతాయి. అన్నింటినీ తీసి, చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, అదే నీళ్ళలో ఓ మూల నీడలో వేలాడదీయాలి. నేను పలచటి ప్లాస్టిక్ కార్డుతో ఒకదాన్ని గీరాను. పాదం చిరిగింది. రెండోదాన్ని వేలితో నొక్కాను, అదీ పాడైంది. మూడోదాని దగ్గర చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అత్తమ్మ కొంగు నడుముకు దోపుకుని దగ్గరికి వచ్చింది. తాను తీస్తానంది. నాకు వెంటనే ఒకటే ఆలోచన వచ్చింది, ఆ వేళ్ళలో పొగాకు. అది ఈ నీళ్ళకు విషం. సబ్బు లేకుండా మూడుసార్లు చేతులు కడుక్కోమన్నాను. మూడుసార్లని నొక్కి చెప్పాను కూడా. ఆమె కడుక్కుని వచ్చి, తడిచేతులు నా ముందు చాపింది.

"తంబాకు ముట్టక ఏడాదైతుంది బిడ్డా," అంది. కోపంగా కాదు, నాకు తెలియని ఒక వివరం చెప్పినట్టుగా. ఆమె బీడీలు మానేసి ఎన్నాళ్ళయిందో నేను లెక్క పెట్టుకోలేదన్న మాట నిజమే. పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాను.

బీడీ మూతి మడవడానికి ఆమె కుడిచేతి బొటనవేలి గోరు కొద్దిగా పెంచి ఉంచుకునేది. ఆ గోరును పిల్ల పాదం అంచున ఆనించి కళ్ళు మూసుకుంది. లోపలికి తోయలేదు. పాదం తనంతట తాను వదిలేదాకా ఆగి, వదిలినంత మేరకే గోరు జరిపింది. ఒక్కో పిల్లకు ఐదు నిమిషాలు పట్టింది. ఇరవై నాలుగింటినీ చిరగకుండా తీసి డబ్బాలో వేసేసరికి మధ్యాహ్నం భోజనం వేళ దాటింది. మా ఆయన వచ్చి, వంట కాలేదని తెలిసి, బయటినుంచి పూరీలు తెచ్చాడు.

ఆ తర్వాత ఆ పని మాకు రోజువారీ అయింది. ఒక సీసాలో ఉప్పునీళ్ళు పోసి, గాలి బుడగలు పెట్టి, దుమ్ములాంటి రొయ్యగుడ్లు వేస్తే మర్నాటికల్లా సన్నటి రొయ్యపిల్లలు పుడతాయి. వాటిని వడగట్టి, మందు చుక్కలు వేసే ఫిల్లర్‌తో ఒక్కో పిల్ల మీద వదలాలి. పిల్ల చేతులు ముడిస్తే తిన్నట్టు. అత్తమ్మ పొద్దున ఒకసారి, నేను కాలేజీ నుంచి వచ్చాక ఒకసారి. ఏది తిన్నదీ ఏది తినందీ ఆమె చెబితే నేను వినేదాన్ని. నాలుగు పిల్లలు మొదటి నెలలోనే కరిగిపోయాయి. ఇరవై మిగిలాయి, శనగగింజంత అయ్యాయి.

మార్చి నెలాఖరున నాకు పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. సోమవారం నుంచి పొద్దంతా అక్కడే. పిల్లలు నీడలో పెరిగినందువల్ల మట్టిరంగులో ఉన్నాయి. రంగు రావాలంటే వెలుతురు కావాలి, ఆ వెలుతురుకు మెల్లమెల్లగా అలవాటు చేయాలి. అది నాకు తెలుసు. కానీ డ్యూటీ మొదలైతే తీరిక ఉండదని, ఆదివారమే వాటిని డబ్బాలోంచి తీయించి, దీపాల కింద ఎత్తైన రాతిమీద పెట్టాను.

"ఒక్కపారే గంత ఎండల పెడ్తవా?" అని అత్తమ్మ అడిగింది.

ఇది ఎండ కాదని, వీటి సంగతి నాకు తెలుసని అన్నాను. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన గొంతుతో అన్నాను. ఆమె మంచం మీదికి పోయి కూర్చుంది.

బుధవారానికి అవి తెల్లబడ్డాయి. గురువారం సాయంత్రం చూస్తే రాతిమీద పదమూడే ఉన్నాయి, వాటిలో నాలుగు నోరు వెళ్ళబెట్టి ఉన్నాయి. ఆ నాలుగూ శనివారానికి పోయాయి. నేను చచ్చినవాటిని ఫిల్లర్‌తో లాగి, బయట కుండీలో పోశాను. రాళ్ళ వెనక దాక్కున్నాయని చెప్పొచ్చని ఒక క్షణం అనుకున్నాను. ఆమె పొద్దంతా వాటి ముందే కూర్చునే మనిషి, ఆమెకు ఆ అబద్ధం ఎందుకు. నా తప్పే అని చెప్పాను. నీ మాట విని ఉండాల్సిందని కూడా చెప్పాను.

అత్తమ్మ బీడీలు చుట్టే తునికాకు గురించి చెప్పడం మొదలుపెట్టింది. కార్ఖానా నుంచి తెచ్చిన ఆకు పెళుసుగా ఉంటుందట. నీళ్ళలో తడిపి, తడిగుడ్డలో చుట్టి, ఒక రాత్రి పక్కన పెడతారట. కొత్తగా నేర్చుకునే ఆడపిల్లలు ఆగలేక తొందరగా గుడ్డ విప్పితే, కత్తెర పెట్టగానే ఆకు పగులుతుందట. తనూ మొదట్లో చాలా ఆకు పాడుచేసి అత్త చేత తిట్లు తిన్నదట.

"మెత్తవడెదాక ఆగాలె. మనం తొందరవడితే ఆకు తొందరవడదు," అంది.

నన్ను ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేదని నాకు అనిపించిన మాట ఒప్పుకోవాలి.

మిగిలిన తొమ్మిదింటినీ మళ్ళీ నీడకు మార్చాం. నెల తర్వాత ఆమె పాత దోమతెరను కత్తిరించి, ఆరు ముక్కలు ఒకదానిమీద ఒకటి వేసి అక్వేరియం మీద పరిచింది. వారానికి ఒక ముక్క తీసేది. ఏ వారమైనా పిల్లలు ముడుచుకుని కనిపిస్తే ఆ వారం తీసేది కాదు. ఎండాకాలంలో హాలు కొలిమిలా ఉంటే, గడ్డకట్టిన నీళ్ళ సీసాలు పైన తేలనిస్తూ నీళ్ళను చల్లగా ఉంచాం. వానలు పడేనాటికి తెర మొత్తం తీసేశాం. తొమ్మిదీ ఉన్నాయి. అంచుల్లో ఆకుపచ్చ తేలింది.

బోధన్‌లో ఒక పళ్ళ డాక్టర్‌కు ఇలాంటి అక్వేరియమే ఉందని, మేం ఉప్పు తెప్పించుకునే దుకాణం ద్వారా తెలిసింది. ఆయన నాలుగు పిల్లలు అడిగాడు. నేను తీసుకుపోతానంటే అత్తమ్మ తానూ వస్తానంది. థర్మోకోల్ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంది. దారి పొడుగునా వరి. నా చిన్నప్పుడు ఇటువైపు బస్సెక్కితే కిటికీలోంచి చెరుకే కనిపించేది. బాపు పనిచేసిన ఫ్యాక్టరీ మూతబడి చాలా కాలమైంది. ఆమెకు ఆ సంగతి చెప్పాను. ఆమె విని, డబ్బా మూత సరిగా ఉందో లేదో చూసుకుంది.

డాక్టర్ నీళ్ళకూ మా నీళ్ళకూ ఉప్పులో తేడా ఉంది. పిల్లలను తిన్నగా వేయకూడదు. ఆయన ఆసుపత్రి సెలైన్ గొట్టం తెచ్చి, ఒక కొసను తన అక్వేరియంలో, మరో కొసను మా పిల్లలున్న జగ్గులో పెట్టాడు. చుక్క చుక్కగా ఆ నీళ్ళు ఈ నీళ్ళలో కలవాలి. మూడు గంటలు. గొట్టం మీద చక్రం తిప్పి వేగం సరిచేసే పని అత్తమ్మ తీసుకుంది. మా మామయ్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు పదకొండు రోజులు ఆమే అలా పక్కన కూర్చుని చుక్కలు చూసింది.

మూడు పిల్లలు వేసిన చోట అంటుకున్నాయి. నాలుగోది అంటుకోకుండా తేలిపోతూ వచ్చింది. వదిలేయండి, దానికదే పట్టుకుంటుందని డాక్టర్ అన్నాడు. అత్తమ్మ వినలేదు. చేతులు కడుక్కుని వచ్చి, అరచేతిని నీటి వాలుకు అడ్డం పెట్టి, పిల్లను రాతి గుంటలో ఉంచింది. మోచేతిదాకా నీళ్ళలో ఉంచుకుని, ముప్పావుగంట సేపు కదలకుండా నిలబడింది. స్టూలు తెస్తానంటే వద్దంది. చెయ్యి తీసినప్పుడు పిల్ల కదలలేదు.

"ఎక్కడ నేర్చుకున్నవమ్మా గీ పని?" అని డాక్టర్ అడిగాడు.

"బీడీలు చేసిన," అంది అత్తమ్మ.

ఆయనకు అర్థం కాలేదు. ఆమె బొటనవేలు ఎత్తి గోరు చూపించింది. ఆయన కళ్ళజోడు తీసి, ఆ గోరును చాలాసేపు చూశాడు. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో ఆమె నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. అలా అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. బస్సు దిగేదాకా నేను భుజం కదపలేదు.

మా ఇంట్లో ఉన్న అయిదింటిలో ఒకదాన్ని చిన్న గాజుతొట్టిలో కాలేజీకి తీసుకుపోయాను. ఒక విద్యార్థిని దాన్ని చూసి, పక్కనున్న సీసాలోదీ ఇదీ ఒకటేనా అని అడిగింది. అవునన్నాను. ఆ సాయంత్రమే దాన్ని తిరిగి ఇంటికి తెచ్చాను.

దసరా ముందు అత్తమ్మకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. మొదట ఒకటి, పదిహేను రోజులకు రెండోది. నీళ్ళలో చేతులు పెట్టొద్దన్నారు, నెలపాటు నల్లద్దాలు తీయొద్దన్నారు. ఆ నెలంతా నేనే తిండి వేశాను, ఆమె మంచం మీదినుంచి ఏది తిన్నదని అడిగేది. ఆసుపత్రిలో ఆ అద్దాలు తీయించిన రోజు ఇంటికి రాగానే చెప్పులు విడిచి నేరుగా అక్వేరియం ముందుకు పోయింది.

"ఇవి గింత పచ్చగ ఉన్నయా బిడ్డా?" అంది. "నేను బూడిదరంగువి అనుకున్న."

మొదటినుంచీ ఈ రంగేనా అని మళ్ళీ అడిగింది. వేసవి తర్వాత వచ్చిన రంగని చెప్పాను. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. నేను లోపలికి పోయి రొయ్యపిల్లలను వడగట్టి తెచ్చాను.