గుండుతో పోయిన సెంటీమీటరు

ఆరేళ్ల మా అక్షరను రోలర్ కోస్టర్ ఎక్కిద్దామని ఈ రోజు చేవెళ్ల నుంచి మొయినాబాద్ దగ్గరి పార్కుకు వెళ్లాం. ఎక్కాలంటే నూట పది సెంటీమీటర్ల ఎత్తుండాలి. పోయిన నెల ఇంట్లో తలుపుకు ఆనించి కొలిస్తే సరిగ్గా సరిపోయింది. ఆ కొలతలో దాని ఉంగరాల జుట్టు కూడా ఉందన్న సంగతి నాకు తట్టలేదు. అంతకుముందు పిల్లకు జ్వరమొస్తే మా అత్తమ్మ మొక్కుకుంది. మొన్న ఆ మొక్కు తీరుస్తూ దానికి గుండు కొట్టించింది.

గేటు దగ్గరి అమ్మాయి కొలిచి, "ఒక్క సెంటీమీటర్ తక్కువున్నదక్కా, పంపరాదు" అంది.

అత్తమ్మ ఊరుకుంటుందా? "పోయిన వారం దాకా ఉండె బిడ్డా! దేవునికిచ్చినం. దేవునికిచ్చింది లెక్కలకు రాదా?"

"బెల్టు ఎంట్రుకలకు పెట్టమవ్వా, మనిషికి పెడతం."

అక్షర ఏడవలేదు. అక్కడే కళ్లు మూసుకుని దండం పెట్టింది. "దేవుడా, నన్ను జల్ది పొడుగు చెయ్యి. మా అవ్వ ఎంట్రుకలు నీకిస్త!"

బస్సులో అత్తమ్మ కొప్పు మీది నుంచి చెయ్యి తీయలేదు. "పిల్లల మొక్కులు దేవుడు పట్టించుకుంటడా?" అని నన్ను రెండుసార్లు అడిగింది. ఇంటికి రాగానే మనవరాలిని తలుపుకు ఆనించి కొలిచింది. పెరగలేదని తేలాకే చాయ్ తాగింది.

మీ ఇళ్లల్లో ఒకరు మొక్కితే ఇంకొకరి జుట్టు పోయిందా? చెప్పండి, ఆమెకు చదివి వినిపిస్తాను.