తెరకు అడ్డంగా తువ్వాలు

చేపల వ్యాపారం చేసే ఆయన్ను బందరు టీకొట్టులో అందరం బావ అనేవాళ్ళం. ఆయన ప్రాణం పెట్టుకున్న ఇంగ్లండులోని ఫుట్‌బాల్ క్లబ్బు జట్టును ఒక కోటీశ్వరుడు కొని, డబ్బు కుమ్మరించి పెద్ద ఆటగాళ్ళను తెచ్చాక, ఆ యజమాని టీవీలో కనబడితే చాలు, లేచి తెరకు తువ్వాలు అడ్డం పట్టేవాడు.

"రాబడికి మించి ఖర్చు చెయ్యకూడదని క్లబ్బులకు రూలుంది బావా," అని లైబ్రరీలో చదివింది చెప్పేవాణ్ణి.

"వాడు ఆటగాళ్ళతోపాటు లాయర్లనీ కొన్నాడ్రా."

చిన్నప్పటి నుంచి బావ ఎదురుచూసిన కప్పును ఆ జట్టు చివరికి గెలిచింది. యజమానే దాన్ని ఎత్తి పట్టుకున్నాడు. బావ తువ్వాలు పట్టాడు.

"తియ్యి బావా, కప్పు కనపడట్లేదు!"

"వాణ్ణి వదలమను, తీస్తా."

యజమాని వదల్లేదు. బావ చెయ్యి దించలేదు. తువ్వాలు వెనక కదిలే వెలుగునే అందరం చూస్తూ కూర్చున్నాం.