మూడు కత్తెర్లు

పోయిన వారం మదనపల్లెలో మా వీధి చివర మందుల షాపుకి వెళ్లాను, మోకాలి నొప్పికి పూసుకునే మందు కావాలని. కౌంటర్లో కొత్తగా చేరిన అమ్మాయి ట్యూబు తీసిస్తూ నా తల వంక రెండుసార్లు చూసింది. మూడోసారి ఉండబట్టలేక గొంతు తగ్గించి, "యాడ చూపించుకుంటాండారమ్మా? రాయవేలూరా, బెంగుళూరా?" అని అడిగింది. నేనడిగింది మోకాలికి, ఆ పిల్ల దిగులు పడుతున్నది నా గుండుకి. క్యాన్సర్ మందులకి జుట్టు ఊడిందనుకుంది. బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టడమని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. "యాడా చూపించుకోలేదు తల్లీ, కొండకి పోయొచ్చినా" అన్నాను. హమ్మయ్య అని ఆ పిల్ల గుండెల మీద చెయ్యేసుకుని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇదే చూపు, ఇదే తగ్గించిన గొంతు, తొమ్మిదేళ్ల కిందట నా పదేళ్ల కూతురి మీద పడిన రోజు గుర్తొచ్చి, ఆ షాపు మెట్ల మీదే కాసేపు నిలబడిపోయాను.

అప్పట్లో మేం కుప్పంలో ఉండేవాళ్లం. మా ఆయన తెల్లారే రైలెక్కి బెంగుళూరు దగ్గర ఫ్యాక్టరీకి పోయి, పొద్దుగూకినాక వచ్చేవాడు. మా అత్తా మామా వి.కోట చుట్టుపక్కల చేలల్లో కూలి చేసి కొడుకుని డిప్లొమా దాకా చదివించిన మనుషులు. ఆ ఫ్యాక్టరీ వాళ్లు వియత్నాంలో ఇంకొకటి పెడుతూ, మిషన్లు బాగా తెలిసిన మనిషి కావాలని మా ఆయన పేరు రాసుకున్నారు. ఇల్లు వాళ్లే ఇస్తారు, పిల్లలిద్దరినీ ఇంటర్నేషనల్ స్కూల్లో వాళ్లే చేర్పిస్తారు. ఇంటర్నేషనల్ అనే మాట చెవిన పడ్డప్పటి నుంచీ నా కాళ్లు నేల మీద లేవు. కాగితాలు మాత్రం కదల్లేదు. ఒక నెలైంది, రెండు నెలలైంది. ఆ పనికి ఇంకొకాయన పేరు కూడా అనుకుంటున్నారని తెలిసింది. అప్పుడు నేను పుంగనూరులో మా అమ్మ దగ్గరున్నాను. నా ముఖం చూసి మా అమ్మ అంది కదా, "మొక్కుకోమ్మే. మొక్కుకుంటే ఇంట్లో అన్నిటికన్నా గొప్పది మొక్కుకోవాల. ఉత్తుత్తిది ఇస్తే దేవుడికి తెలీదా యేంది?" అని. మా ఇంట్లో అన్నిటికన్నా గొప్పది మా పెద్దదాని జుట్టు.

నడుము దాటిన జుట్టు అది. ఎవరి పోలికో తెలియదు, నాకైతే ఏనాడూ ఎలకతోకే. ఆదివారం వచ్చిందంటే మా అత్త సీకాయ నానబెట్టి, తలంటి, సాంబ్రాణి పొగ పట్టి, రెండు జడలు వేసి కనకాంబరాలు పెట్టేది. పెళ్లిళ్లలో ముక్కూ ముఖం తెలియని ఆడవాళ్లు కూడా పిలిచి జడ చేత్తో పట్టుకుని చూసేవాళ్లు. దిష్టి తీయలేక మా అత్త చేతులు పడిపోయేవి. కాగితాలు వస్తే ఆ జుట్టు ఇస్తానని నేను మొక్కుకున్నాను. దాన్ని అడగలేదు. కాదంటుందని అడగడం మానుకున్నానా అంటే అదీ లేదు. అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. పదిహేను రోజులకి కాగితాలొచ్చాయి.

కొండ మీద కల్యాణకట్టలో మా చిన్నోడు ముందుగా కూర్చుని గుండు చేయించుకుని, నున్నగా ఉందని తడుముకుంటూ ఎగిరాడు. వాడికి ఆరేళ్లు. నాకు మూడు కత్తెర్లు. అంటే, ఆడవాళ్లు కొసన మూడు చిన్న పాయలు కత్తిరించి ఇస్తే దేవుడు సరిపెట్టుకుంటాడని మా వైపు ఆనవాయితీ. పెద్దది తలొంచి కూర్చుంది. ఏడవలేదు. జడలు తెగి ఒళ్లో పడినప్పుడు రెండు చేతుల్తో పట్టుకుంది, కత్తి పట్టుకున్న మనిషి ఇమ్మంటే ఇచ్చేసింది. ఇక ఆ క్షణం నుంచీ నాతో మాట మానేసింది. అడిగితే ఊ, లేకుంటే ఊహూ. ప్రయాణానికి పెట్టె సర్దుతుంటే దాని గౌన్ల మధ్య రిబ్బన్లూ, క్లిప్పుల డబ్బా కనబడ్డాయి. వాటిని ఒక పక్కకి జరిపి నా చీరలు పెట్టుకున్నాను.

గుండు చేయించిన పదో రోజు వియత్నాంలో స్కూలు మొదలు. వారం రోజులుగా దానికి నేను నూరిపోసిన పాఠం ఒకటే: మిస్సు ఏమడిగినా "యస్ మిస్" అనాలి, ఎదురు చెప్పడం మర్యాద కాదు. కుప్పంలో అది చదివిన బళ్లో అదే పద్ధతి, నేను చదివిన బళ్లోనూ అదే. యూనిఫాం వేసి, పుంగనూరులో కొన్న గులాబీరంగు టోపీ పెట్టి తీసుకెళ్లాను. గేటు దగ్గర తెల్లగా, పొడుగ్గా ఉన్న టీచరమ్మ వచ్చి పిల్ల ముందు గొంతుక్కూచుంది. పిల్లల ముందు గొంతుక్కూచునే మిస్సుని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. టోపీ అంచున బోడితల చూసి, మెల్లగా ఏదో అడిగింది. "యస్ మిస్" అంది మా పెద్దది. ఇంకేదో అడిగింది. "యస్ మిస్." మూడోది అడుగుతూ ఆవిడ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. దానికీ "యస్ మిస్" అనే వచ్చింది. ఆవిడ లేచి నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా నొక్కింది. పక్కనే చిన్నోడూ గుండుతోనే ఉన్నాడు, వాడినెవరూ ఏమీ అడగలేదు. ఎంత ప్రేమగా ఉన్నారో వీళ్లు అని మురిసిపోతూ ఇంటికొచ్చి కుక్కర్ పెట్టాను.

పదకొండింటికి ఫోను. అవతలావిడ గడగడా చెప్పిన దాంట్లో నాకు అందినవి మూడు మాటలు: డాటర్, హాస్పిటల్, కమ్. మా ఆయనకి చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. ఆ ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టి పోవాలి. పొయ్యి ఆపానో లేదో రెండుసార్లు చూసి, స్కూలు కాగితం చేత పట్టుకుని కిందికి పరిగెత్తి టాక్సీ ఎక్కాను. రోడ్డు నిండా స్కూటర్లు. ప్రతి కూడలిలో ఎర్రలైటే. కింద పడిందా? తలకి దెబ్బ తగిలిందా? నా మీద కోపంతో ఎక్కడికన్నా వెళ్లిపోయిందా? అలవాటు కొద్దీ నోట్లోకి మొక్కు వచ్చేసింది. దేవుడా, నా బిడ్డ బాగుంటే... అని ఆగిపోయాను. ఈసారి ఏమిస్తానని చెప్పను?

స్కూలు ఆఫీసు గదిలో పెద్ద మేడమూ, నర్సూ, పొద్దుటి టీచరూ కూర్చుని ఉన్నారు. పిల్ల బాగుంది, క్లాసులోనే ఉంది అని ముందు చెప్పి పుణ్యం కట్టుకున్నారు. తరవాత నర్సు ఒక కాగితం నా ముందుకు జరిపి, మాట మాటకీ ఆగి ఆగి అడిగింది. ఏ ఆస్పత్రి? మందులు ఎన్నాళ్లు ఎక్కించారు? పొద్దున గేటు దగ్గర ఆ టీచరు "వంట్లో బాగా లేదా, జుట్టు అందుకే పోయిందా, చికిత్స ఇంకా జరుగుతోందా" అని అడిగితే మా పెద్దది అన్నిటికీ యస్ మిస్ అన్నదన్నమాట! డాక్టరు ఉత్తరం తెచ్చేదాకా రేపటి నుంచి పిల్లని క్లాసులో కూర్చోబెట్టలేమని, మిగతా పిల్లల జలుబూ దగ్గూ తనకి అంటుకుంటే ప్రమాదమని చెప్పారు. లేని జబ్బుకి ఉత్తరం నేనెక్కడ తెచ్చేది? నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి, "నో ఫీవర్. నో హాస్పిటల్. హెయిర్... గాడ్" అని పైకి చూపించాను. జబ్బు నయం కావాలని మొక్కుకున్నానని వాళ్లకి అర్థమైంది కాబోలు, టీచరమ్మ కాగితపు రుమాళ్ల డబ్బా నా ముందు పెట్టింది. ఆ డబ్బా విసిరికొట్టాలన్నంత కోపమొచ్చింది నాకు, ఎవరి మీదో తెలియకుండా.

పెద్దదాన్ని పిలిపించారు. చేతిలో కట్టెడు రంగు కాగితాలు. క్లాసు పిల్లలందరూ పూలూ గుండె బొమ్మలూ గీసి, త్వరగా కోలుకో అని రాసిచ్చారు. నేను దాని చెయ్యి పట్టుకుని, "పాపా, నీకేం జబ్బు లేదని సెప్పమ్మా. నేను సెప్తే వీళ్లకి అర్థం కాల్యా" అన్నాను. అది నా వైపు చూసింది. పది రోజుల మౌనం. ఇప్పుడూ ఊహూ అని ఊరుకుంటే చేసేదేమీ లేదు. అది ఆ కాగితాలు బల్ల మీద వరసగా పెట్టి, బళ్లో పద్యం అప్పజెప్పేటట్టు నిటారుగా నిలబడి ఇంగ్లీషులో చెప్పింది, నాకు జబ్బు లేదు, మా అమ్మ దేవుడికి మాటిచ్చింది, అందుకని నా జుట్టు ఇచ్చింది అని.

నర్సు కలం కింద పెట్టింది. పెద్ద మేడం కళ్లజోడు తీసి, నన్ను కాదు, పిల్లని అడిగింది. ఆ ప్రశ్న మాత్రం నాకు పొల్లు పోకుండా అర్థమైంది. "ఇవ్వడం నీకిష్టమేనా?"

పిల్లల్ని బాధ పెడితే బయటి దేశాల్లో పోలీసులొస్తారని విమానంలో పక్కసీటావిడ చెప్పిన మాట గుర్తొచ్చి భయం పట్టుకుంది. అయితే భయం ఒక్కటే కాదు. ఆ మాట నేను అడగాల్సింది. ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి నా బిడ్డని అడుగుతోంది. పెద్దది మళ్లీ నా వైపు చూసింది. నేను తల దించేసుకున్నాను.

"యస్ మిస్" అంది.

గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పెద్ద మేడం నవ్వుతూ దాన్ని క్లాసుకి పొమ్మంది. నేనూ దాని వెనకాలే వరండాలోకి వచ్చాను. అక్కడ ఊడుస్తున్న ముసలామె చీపురు గోడకి ఆనించి, దాని గుండు చూసి రెండు చేతులూ జోడించింది. చిన్నప్పుడే సన్యాసంలో చేరే పిల్లలకి అక్కడ గుండు చేస్తారని తరవాత తెలిసింది. మా పెద్దదీ చేతులు జోడించింది. క్లాసు తలుపు దాకా పోయి, వెనక్కి తిరిగి, కోపం లేకుండా, లెక్క అర్థం కాని పిల్ల అడిగినట్టు అడిగింది.

"మొక్కుకునింది నువ్వు గదమ్మా. నీ జుట్టు ఎందుకియ్యలా?"

పది రోజుల తరవాత నాతో అన్న మొదటి మాట. "బెల్లు కొడతాండారు, పో" అన్నాను. బెల్లేమీ కొట్టలేదు.

నాలుగేళ్లుండి తిరిగొచ్చి మదనపల్లెలో ఇల్లు తీసుకున్నాం. అది మళ్లీ ఆ మాట ఎత్తలేదు. జుట్టు ఏడాదికల్లా మెడ మీదికి వచ్చింది. ఇప్పుడు బెంగుళూరులో చదువుకుంటోంది. ఈ నెల మొదట్లో నేను ఒక్కదాన్నే బస్సెక్కి కొండకి వెళ్లాను. "మూడు కత్తెర్లేనామ్మా?" అన్నాడు కత్తి పట్టుకున్న మనిషి. "కాదప్పా, మొత్తం తీసెయ్" అన్నాను. దేనికి మొక్కుకున్నావని మా అమ్మ ఫోన్లో పీకి పాకం పెట్టింది. దేనికీ కాదంటే ఈనాటికీ నమ్మడం లేదు.

మొన్న ఆదివారం పెద్దది వచ్చింది. నేను చెప్పకుండా దాచాను కాబట్టి గడపలోనే నిలబడిపోయింది. తరవాత బ్యాగు కింద పెట్టి, "ఎండకి కాలిపోయి ఉండాది సూడు" అని కొబ్బరినూనె సీసా తెచ్చి, నా వెనక కూర్చుని తలకి రాయడం మొదలుపెట్టింది. ముఖాలు కనబడకపోవడం మంచిదైంది. "ఆ పొద్దు ఆ పెద్ద మేడం అడిగె గదా, నీకిష్టమేనా అని" అన్నాను. "నేను అడగలా. ఇప్పుడడగతాండా. నీకిష్టమయ్యే ఇచ్చినావా పాపా?"

నా తల మీద దాని చేతులు ఆగాయి. మళ్లీ కదిలాయి.

"యస్ మిస్" అంది.

నవ్వుతూ అందో, ఏడుస్తూ అందో నేను వెనక్కి తిరిగి చూడలేదు. జుట్టు మళ్లీ రావడానికి ఏడాది చాలు. ఆ ఒక్క మాట అడగడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది.