వేళ్లు పైకి కట్టిన టమాటా మొక్క

దర్శి బస్సులో నా పక్కన ఒకావిడ వేళ్లతో సహా పీకిన టమాటా మొక్కను తలకిందులుగా పట్టుకుని కూర్చుంది. మొక్క నిండా పచ్చికాయలే.

"చెట్లతో బస్సెక్కుతారా అమ్మా? అవతల పారేయండి," అన్నాడు కండక్టరు.

"నువ్వు దిగితే దిగు నాయనా, ఇది మాత్రం దిగదు," అందావిడ. బస్సంతా నవ్వింది.

సంగతేంటని అడిగాను. చలికాలం తిండికని అద్దింటి పెరట్లో పెంచుకుందట. తీరా కాయ ముదిరాక, పెరడంతా సిమెంటు చేయిస్తాను పీకెయ్యమన్నాడట ఇంటాయన.

"పీకాను గానీ పారేస్తానా? మా అక్క వాళ్ల వసారాలో దూలానికి ఇట్లాగే వేళ్లు పైకి కట్టి వేలాడదీస్తా. ఒక్కోకాయా ఎర్రబడతా ఉంటది. చలి పోయిందాకా పప్పులో వేసుకుని తింటా. ఆయన సిమెంటు తింటాడేమో తిననీ!"

దిగేముందు కాయలున్న కొమ్మొకటి విరిచి నా ఒళ్లో పెట్టింది. "ఎండ తగలనీకు, నీడన కట్టు," అంది. ఆవిడ పేరైనా అడగలేదు నేను.

ఇప్పుడు ఏటా చలికాలం మా వంటింటి కొక్కేనికి ఒక టమాటా మొక్క వేలాడుతుంది. ఆకులెండిపోయి చూడ్డానికి బాగోదని మా కోడలి బాధ.

"తీసి పారేద్దామా అత్తయ్యా?" అంటుంది.

"అది దిగదమ్మా," అంటాను.